సున్నం వేసిన సోమవారం

"ఏయ్, బూట్లు! బూట్లిడిచి రా!"

గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ అమ్మాయిని చూసి సంగమేష్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. నారాయణఖేడ్‌లో సర్కారు ఎప్పుడో నలభై ఏళ్ల కింద కట్టించిన కాలనీ అది. పొద్దున్నుంచి ట్యాబ్ పట్టుకుని ఇరవై ఇళ్లు తిరిగాడు గానీ, ఎవరూ ఇట్లా కసరలేదు.

"సర్వేకొచ్చిన మేడమ్. స్లాబు చూడాలె."

"స్లాబు మీదుంటది. కాళ్లతోని చూస్తవా?"

లోపల ముసలమ్మ ఫక్కున నవ్వి, కన్నడం కలిపి పిలిచింది. "బారప్పా, లోపటికి రా. దాని నోరే గంత, మనసు మంచిదే."

ఆమె రేవమ్మ. తల్లీతండ్రీ లేని మనవరాలు శైలశ్రీని ఆ రెండు గదుల్లోనే పెంచి పెద్ద చేసింది.

సంగమేష్ తల పైకెత్తి స్లాబు చూశాడు. పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. "సోమవారం పెద్ద ఇంజనీర్ సార్ వస్తడు. ఖరాబున్నయని సార్ రాస్తే, కాలనీ మొత్తానికి కొత్త స్లాబులకు ఫండ్ వస్తది," అన్నాడు.

ఆ వారంలో అతను మళ్లీ మూడుసార్లు వచ్చాడు. ఒకసారి ఫోటో సరిగ్గా రాలేదన్నాడు, ఒకసారి సంతకం మరిచానన్నాడు. మూడోసారి వంక దొరక్క టేపు తీశాడు.

"ఎన్నిసార్లు కొలుస్తవ్? గోడలేమన్న పెరుగుతున్నయా?" అంది శైలశ్రీ.

బయట జల్లు మొదలైంది. ఇద్దరికీ నవ్వాగలేదు. సంగమేష్ అప్పటికే ప్రేమలో మునిగిపోయాడు పాపం.

సోమవారం సార్‌తో కాలనీలోకి అడుగుపెట్టిన సంగమేష్‌కు ఒక్క పగులూ కనపడలేదు. నలభై ఇళ్లూ తెల్లగా మెరుస్తున్నాయి! పగుళ్లకు సిమెంటు మెత్తారు, సున్నం వేశారు, అంచులకు ఎర్రటి జాజు పూశారు, వాకిళ్లలో ముగ్గులు పెట్టారు. రేవమ్మ ఇంటింటికీ తిరిగి చేయించిన పని అది.

"సర్కారోళ్లు ఇంటికొస్తుంటే గలీజుగ చూపెడతమా అయ్యా? ఇజ్జత్ ఉండొద్దా?" అంటూ ఆమె సార్ చేతికి చాయ్ అందించింది.

సున్నానికి పొక్కిన వేళ్లను చున్నీలో దాచుకుని శైలశ్రీ మెల్లగా అడిగింది. "ఎట్లుంది మా ఇల్లు?"

సున్నం కింద ఏముందో అతనికి తెలుసు. చెప్పాల్సింది అప్పుడే. కానీ ఆ మొహంలో వెలుగు చూశాక నోరు అదుపు తప్పింది.

"మస్తుంది," అన్నాడు.

సార్ అది విన్నాడు, నవ్వాడు, కాలనీ అంతటికీ 'గుడ్ కండిషన్' అని రాసుకుని వెళ్లిపోయాడు.

ఫండ్ జాబితాలో కాలనీ పేరు లేదు. శ్రావణంలో ముసురు పట్టింది. అయిదో రోజు మధ్యాహ్నం, శైలశ్రీ రేషన్ దుకాణానికి పోయినప్పుడు, పడుకున్న రేవమ్మ మీద స్లాబు విరిగి పడింది.

సంగారెడ్డి దవాఖానలో మంచం పక్కన నిలబడి సంగమేష్ ఏడ్చాడు. "అవ్వా, నాకు ఎరికే ఉండె. చెప్పలే. తప్పు నాదే."

రేవమ్మ కళ్లు తెరవలేదు. "సున్నం ఏయించింది నేను బిడ్డా. నువ్వు జెర చెప్పాల్సుండె." పక్కనే ఉన్న శైలశ్రీ చెయ్యి తడిమి మళ్లీ అంది. "దీనికి మాత్రం అబద్ధం చెప్పకు. ఇగ దీనికెవరున్నరు?"

మర్నాడు ఆమె పోయింది. తీసుకుపోవడానికి ఇల్లు లేదు. పక్కింటి గ్రేసమ్మ తన వరండా కడిగి, వాళ్ల లింగాయతుల ఆచారం ప్రకారం రేవమ్మ శవాన్ని అక్కడ కూర్చోబెట్టించింది.

సార్ మళ్లీ వచ్చినప్పుడు సంగమేష్ అందరి ముందూ గోడ గీకి చూపించాడు. "అప్పుడే చెప్పాలె సార్. చెప్పలే."

"నీ నౌకరి పోతది, తెలుసా?"

"తెలుసు సార్. రాయండి."

ముప్ఫై తొమ్మిది ఇళ్లకు ఫండ్ వచ్చింది. రేవమ్మ ఇల్లు మాత్రం కూల్చేశారు. సంగమేష్ ఉద్యోగమూ పోయింది.

గ్రేసమ్మ వరండాలో శైలశ్రీ బట్టలు సర్దుకుంటోంది. నెల రోజులుగా అతనితో మాట్లాడలేదు.

"ఏడికి?" వాకిట్లో నిలబడి అడిగాడు సంగమేష్.

"కంగ్టికి. మామ దగ్గరికి."

"పోకు శైలూ. నువ్వంటే నాకు పాణం. గా దినం నీ మొఖం జూసే అబద్ధమాడిన. మా అమ్మను రేపు తోలుకొస్త, మన పెండ్లి గురించి మామతోని మాట్లాడుతది."

శైలశ్రీ చేతిలో బట్టలు వదిలి అతని వైపు చూసింది. కోపం పోలేదు, ప్రేమా పోలేదు. రెండూ ఒక్కసారే కళ్లలో నిండాయి.

"మీ ఇల్లు కారుతదా?"

సంగమేష్ తలదించుకున్నాడు. "కారుతది. వంటింట్ల, పొయ్యి మీదనే."

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే అంది.

"అమ్మను రమ్మను."