రెండో అమ్మాయి ఏమైంది?

రాజశ్రీ ప్రేమకథలు చదివేది తిట్టడానికే. ఆ మాట ఆమె కూడా ఒప్పుకునేది.

పొద్దున ఏడున్నరకి వడమాలపేటలో బస్సెక్కి, తిరుపతిలో తను పనిచేసే కళ్లద్దాల షాపు దగ్గర దిగేలోపు, ఫోన్లో కథల యాప్ తెరిచి రెండు ఎపిసోడ్లు చదివేసేది. దిగేముందు కింద కామెంటు పెట్టేది. ఆ కామెంటు చూసిన రచయితకు ఆ పూట అన్నం సయించి ఉండదు.

"హీరో పెద్ద కంపెనీకి ఓనరు. వయసు ఇరవై ఎనిమిది. ఇరవై ఎపిసోడ్లయింది, ఒక్కరోజు కూడా ఆఫీసుకు పోలేదు. ఒక స్టార్."

"హీరోయిన్ కాలు జారి హీరో చేతుల్లో పడటం ఇది నాలుగోసారి. ఆ పిల్లను ఎవరైనా డాక్టరుకు చూపించండి."

"చెంపమీద కొడితే ప్రేమ పుట్టిందని రాశారు. కొట్టించుకున్నవాళ్లను అడిగి రాయండి."

యాప్‌లో ఆమె పేరు 'పాఠకురాలు'. అంతే. ఫొటో లేదు, ఊరు లేదు. రచయితలు కొందరు ఆమెను బ్లాక్ చేశారు, ఒకావిడ ఏకంగా శాపనార్థాలు పెట్టింది.

భానుశ్రీ అనే ఆవిడ మాత్రం జవాబిచ్చింది. ఆ కథలో హీరోకి ఇంకో అమ్మాయితో నిశ్చితార్థం అయిపోతుంది. చివరి నిమిషంలో అసలు ప్రేమ గుర్తొచ్చి, నిశ్చితార్థం తెంచుకుని, పాత ప్రియురాలి దగ్గరికి పరిగెత్తుతాడు. జోరున వాన. శుభం.

రాజశ్రీ ఇలా రాసింది: "అంతా బాగుంది మేడమ్. రెండో అమ్మాయి ఏమైంది? పన్నెండో ఎపిసోడ్‌లో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పదమూడులో లేదు. మరిచిపోయారా? లేక ఇంకా అక్కడే కూర్చుందా?"

"ఆమె ఈ కథకు ముఖ్యం కాదండీ."

"ఆమెకు ఆమే ముఖ్యం కదండీ."

మూడురోజులు జవాబు లేదు. నాలుగోరోజు ప్రైవేటు మెసేజ్ వచ్చింది. "తరవాతి కథ పోస్ట్ చేసేముందు ఒకసారి మీకు పంపిస్తే చదువుతారా?"

చదివింది. తిట్టింది. భానుశ్రీ మార్చి మళ్లీ పంపింది. రోజూ ఇదే పని అయిపోయింది ఇద్దరికీ.

"మళ్లీ వాన ఎందుకు మేడమ్?"

"రొమాన్స్ కోసం."

"మా ఊర్లో వాన పడితే కరెంటు పోతుంది, దోమలొస్తాయి. అవి కూడా రాయండి."

"దోమలతో రొమాన్స్ ఎట్ల కుదురుతుందండీ?"

"కుదిరితేనే అది ప్రేమ."

తను నవ్వుతోందని రాజశ్రీకి బస్సులో పక్కావిడ చూసేదాకా తెలిసేది కాదు. నవ్వి చాలా రోజులైన మనిషి ఆమె.

ఎనిమిది నెలల తరవాత, జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం, షాపులోకి మీసాలాయన ఒకడు వచ్చాడు. మెడలో సత్యవేడు వైపు ఫ్యాక్టరీ ఐడీ కార్డు వేలాడుతోంది. కౌంటరు దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు.

"సెప్పండి సార్. పవర్ సెక్ చేపిచ్చుకోవాలనా?"

"లేదండి. ఈడ... పాఠకురాలు అని ఒకరు ఉండారంట."

రాజశ్రీ చేతిలోని ఫ్రేము కింద పెట్టింది. తను ఈ షాపులో పనిచేస్తానని యాప్‌లో చెప్పింది ఒక్క భానుశ్రీకే. "మీరెవురు?"

"నేనే. భానుశ్రీ."

ఆమె అతన్ని మీసాల దగ్గర్నుంచి చెప్పుల దాకా చూసింది. "మీరు ఆడమనిషి గదా!"

"పేరు భానుచందరండి. ఆడపేరు పెడితే జనం ఎక్కువ సదవతారని..."

"ఎనిమిది నెల్లుగా మేడమ్, మేడమ్ అంటా ఉండాను గదయ్యా!"

"నాకేం బాధ లేదండి. మర్యాదగానే ఉన్నింది."

ఆమెకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కుర్చీ చూపించి కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల బోర్డు చదవమంది. అతను చివరి రెండు వరుసలు చదవలేకపోయాడు.

"అందుకేనా రెండో అమ్మాయి మీకు కనపడనిది?" అంది రాజశ్రీ.

అతను పగలబడి నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు. "ఇంతకీ మీ పేరు సెప్పలేదు."

"రాజశ్రీ. మాది వడమాలపేట."

నవ్వు ఆగిపోయింది. "మీ నాయన పేరు?"

"మునిరామయ్య. పిండిమిషను ఉన్నింది మాకు. ఇప్పుడు నాయన లేడు."

బస్సుకు టైమైందని చెప్పి అతను లేచిపోయాడు. కళ్లద్దాలకు ఆర్డరు కూడా ఇవ్వలేదు. మనిషి సిగ్గరి అనుకుంది రాజశ్రీ. అంతకు మించి అనుకోవడానికి ఆమె దగ్గర కారణం లేదు.

పదిరోజుల పాటు మెసేజ్ లేదు. తరవాత ఒక శనివారం మళ్లీ వచ్చాడు. ఆ తరవాత ప్రతి శనివారమూ వచ్చాడు. షాపు పక్క టీకొట్లో ఇద్దరూ కథల గురించి పోట్లాడుకునేవాళ్లు. అతను మొదటిరోజు లాగా నవ్వడం లేదని ఆమె గమనించింది గానీ, మొగవాళ్లకు ఫ్యాక్టరీలో సవాలక్ష తలనొప్పులుంటాయి కదా అని సరిపెట్టుకుంది. తన మాట శ్రద్ధగా వినే మనిషి దొరికాడు. ముప్పై రెండేళ్ల వయసులో ఆమెకు అది చాలా పెద్ద సంగతి. అతనంటే ఇష్టం పుట్టింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఒకరోజు తనే చెప్పింది.

"నేనూ ఒక రెండో అమ్మాయినే. ఎనిమిదేండ్ల కింద సిత్తూరులో నా పెండ్లి. తొమ్మిదికి ముహూర్తం. ఏడుకంతా పెండ్లికొడుకు లేడు. ఇష్టపడిన పిల్లతో ఎల్లిపోయినాడు."

భానుచందర్ టీ గ్లాసు వైపే చూస్తున్నాడు.

"ఆరునూర్ల మందికి వంట అయిపోయిండాది. మా నాయన ఏం జేసినాడో తెలుసా? మైకు పట్టుకుని, పెండ్లి లేదు, అయినా అందరూ తినేసి పోండి అని సెప్పినాడు. తనే గరిటె తీసుకుని పంక్తి పంక్తికీ వడ్డించినాడు. కొందరు తింటానే నవ్వినారు. నేను సూసినాను. ఇంటికొచ్చినాక మిషను మూసేసినాడు. గడప దాటి బయటికి రాలేదు. పెండ్లి ఆగిపోయిన పదకొండో నెలలో పోయినాడు."

అతను ఓదార్చనందుకు ఆమె లోపల సంతోషించింది. ఓదార్పులు ఆమె చాలా విని ఉంది.

నవంబరులో వాన పట్టుకుంది. ఒక వారం అతను శుక్రవారమే వచ్చాడు. ఆ సాయంత్రం షాపు షట్టరు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. వీధి లైట్లు ఆరిపోయాయి. అతని భుజం సగం తడుస్తోంది, ఆమె వైపు జరగడానికి మొహమాటం.

"జరగండి, తడిసిపోతా ఉండారు," అంది రాజశ్రీ. "ఈ సీను మీరు రాసింటే నేను ఒక స్టారే ఇచ్చేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మా అమ్మతో మాట్లాడతారా అని అడగతా ఉండాను."

అతని ముఖం చూసి ఆమె భయపడింది. ఉరిశిక్ష విన్నవాడి ముఖం అది. బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ప్రింటు తీసిన కాగితాలు. అవి ఎన్నాళ్లుగా మోస్తున్నాడో గానీ అంచులు నలిగిపోయాయి.

"నేను రాసిన మొదటి కథండి. యాప్‌లో అన్నిటికంటే ఎక్కువమంది సదివింది ఇదే. మిమ్మల్ని సూసిన రోజే తీసేసినాను. సదవండి. సదివినాక గూడా మీ అమ్మతో మాట్లాడమంటే, వస్తాను."

మర్నాడు పొద్దున బస్సులో చదవడం మొదలుపెట్టింది. హాస్యకథ. పెళ్లిమండపం నుంచి హీరో పారిపోతాడు. వంటశాల వెనక తెల్లకారులో స్నేహితుడు రెడీగా ఉంటాడు. పెళ్లికూతురి తండ్రి పంచె జారిపోతున్నా పట్టించుకోకుండా, గరిటె పట్టుకుని "తిని పోండి, తిని పోండి" అంటూ జనం వెంట పరిగెత్తుతాడు. ఆ భాగం రెండు పేజీలు. పెళ్లికూతురికి పేరు లేదు. నోరు తెరుచుకుని చూస్తుండిపోయిందని ఒక వాక్యం, అంతే. చివర్లో హీరో హీరోయిన్లు, ఊయల, కవలపిల్లలు.

పాఠకుల కామెంట్లు కూడా ప్రింటు తీశాడు. "గరిటె నాన్న సూపర్." "నవ్వలేక చచ్చాను." "నాన్నగారి కోసం పార్ట్ టూ రాయండి."

కండక్టరు వచ్చి భుజం తట్టాడు. తిరుపతి చివరి స్టాపు. షాపు ఎప్పుడో దాటిపోయింది. రాజశ్రీ దిగి, ఆ బస్టాండులోనే బెంచీమీద కూర్చుని ఫోన్ చేసింది.

"కారు తోలింది మీరేనా?"

"నేనే."

"కథ రాసినప్పుడు మా నాయన పోయిండేది తెలుసునా?"

"తెలీదు. మీరు సెప్పిందాకా తెలీదు. ఆ గరిటె సంగతి గూడా ఎవురో సెప్తే విని రాసినాను. నవ్వొచ్చింది, రాసేసినాను."

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుని అడిగింది. "ఆ పొద్దు కారు తోలతా ఉన్నప్పుడు ఒక్కసారన్నా నేను మతికి వచ్చినానా?"

వచ్చారని చెబితే ఆమె నమ్మేది. నమ్మడానికి సిద్ధంగా ఉంది కూడా.

"లేదు," అన్నాడు భానుచందర్. "పాటలు పెట్టుకున్నాం. నవ్వుకుంటా పోయినాం. కాట్పాడి దాటినాక ఆపి ఇడ్లీ తిన్నాం. మీరు ఒక్కసారి గూడా మతికి రాలేదు."

రాజశ్రీ ఏడ్చింది. బస్టాండులో అందరూ చూస్తున్నా ఏడ్చింది. ఏడుపు తగ్గాక అంది, "రేపు ఆదివారం మా ఇంటికి రాండి. ఇప్పుడు నాకు సెప్పినట్టే మా అమ్మకు సెప్పండి. ఒక్క మాట తగ్గించొద్దు."

వచ్చాడు. రాజశ్రీ తల్లి సుబ్బులమ్మ వసారాలో కూర్చుని అనపకాయల గింజలు ఒలుస్తోంది. అతను నిలబడే చెప్పాడు. కారు సంగతి, పాటల సంగతి, ఇడ్లీల సంగతి, గరిటె సంగతి. సుబ్బులమ్మ చేతులు మాత్రం ఆగలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"వాండ్లు ఇప్పుడు బాగుండారా?"

"ఎవురుమ్మా?"

"నువ్వు కార్లో పిలుసుకోని పోయినావే, ఆ జంట."

భానుచందర్ రాజశ్రీ వైపు చూశాడు. కథలో ఊయల ఉంది, కవలపిల్లలున్నారు. రాజశ్రీ కూడా అదే నమ్మింది.

"లేదుమ్మా. రెండేండ్లు గూడా కలిసి ఉండలేదు. వాడు కొట్టేవాడు. ఆ పిల్ల వాళ్లమ్మ కాడికి పోయింది. వాడు బెంగుళూరులో ఇంకోదాన్ని చేసుకున్నాడు."

ఒలిచిన గింజలు సుబ్బులమ్మ చేతిలోంచి జారి వసారా అంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

"అట్లయితే మా ఆయన దేనికి పోయినట్టు?" అంది.

ఎనిమిదేళ్లుగా ఆమె తనకు తాను చెప్పుకుంటున్నది ఒకటే. తన ఇల్లు కూలినా ఎక్కడో ఒక ఇల్లు నిలబడిందని. అది కూడా పోయింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

రాజశ్రీ అక్కడే నిలబడిపోయింది. ప్రతి కథ కిందా రెండో అమ్మాయి ఏమైందని అడిగిన మనిషి, మొదటి అమ్మాయి ఏమైందని ఎన్నడూ అడగలేదు. ఎనిమిదేళ్లు ఆ పిల్లను తిట్టుకుంది. ఆ పిల్ల దెబ్బలు తిని తల్లి దగ్గరికి చేరిందని ఈ రోజే తెలిసింది.

గేటు దాకా అతనితో నడిచింది.

"మళ్లా రావచ్చునా?" అడిగాడు.

"రమ్మని నేను సెప్పను. రావద్దని గూడా సెప్పను. మిమ్మల్ని సూస్తే కడుపు రగిలిపోతాది. సూడకపోతే పొద్దు పోదు. రెండూ నిజమే, నేనేం జేసేది?"

తరవాతి ఆదివారం వచ్చాడు. తలుపు తీయలేదు ఎవరూ. మధ్యాహ్నం దాకా గోడ పక్కన నిలబడి వెళ్లిపోయాడు. ఆ పై ఆదివారం రాజశ్రీ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగి, చెంబు తిరిగిచ్చి వెళ్లాడు. ఎదురింటి యశోదమ్మ ఎవరతను అని అడిగితే రాజశ్రీ చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మూడో ఆదివారం అతను బండి స్టాండు వేయకముందే తలుపు తెరుచుకుంది. తీసింది సుబ్బులమ్మ.

"బయట నిలబడితే ఊరంతా సూస్తా ఉండాది. లోపలికి రా."

చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఎదురుగోడకి మునిరామయ్య ఫొటో. అతని కథలో లాగా లావుపాటి మనిషి కాదు. బక్కపలచగా, కూతురి పెళ్లిలో తొడుక్కోవడానికి కుట్టించుకున్న తెల్లచొక్కాలో, కెమెరా ముందు బిగుసుకుపోయి ఉన్నాడు.

"ముందు ఆయనకు సెప్పు," అంది సుబ్బులమ్మ. "నాకు సెప్పినట్టే. ఆయన సరే అన్నాడని నాకు అనిపిస్తే, అప్పుడు సూద్దాం."

భానుచందర్ ఫొటో ముందు చేతులు కట్టుకున్నాడు. కథలు రాసి లక్షలమందిని నవ్వించినవాడికి మొదటి మాట దొరకలేదు.

"నాయనా," అన్నాడు చివరికి. "నా పేరు భానుచందర్. ఆ పొద్దు కారు తోలింది నేనే."

అక్కడ ఆగి తలొంచుకున్నాడు. రాజశ్రీ వంటింటి గడప దగ్గర్నుంచి వచ్చి అతని పక్కన నిలబడింది.

"సెప్పండి," అంది. "నాయన వింటా ఉండాడు."