డ్రమ్ మోగేలోపు

స్పీకర్లు బిగించిన మెకానిక్‌ను లిఫ్ట్‌లోనే కాల్చేశారు. ప్రాణం పోయేముందు అతను చెప్పిన సంగతిని చీఫ్ ఇయర్‌పీస్‌లో ఏజెంట్‌కు చెప్పాడు.

“ఎడమ స్పీకర్లో బాంబు. అందులోంచి గట్టి శబ్దం వస్తే పేలుతుంది. సౌండ్ కార్డు డిజైన్ విదేశీ ముఠా చేతికి చిక్కింది. ఇక దాన్ని తయారుచేసిన మనిషి బతకకూడదని వాళ్ళ ప్లాన్.”

తయారుచేసిన మనిషి అతని భార్య. స్టేజి మీద ఆ స్పీకర్ పక్కనే కూర్చుని ఉంది.

ఇన్నాళ్ళూ కంప్యూటర్‌కు కీచుమనడం తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆమె చేసిన సౌండ్ కార్డు దానికి సంగీతం నేర్పింది. ఇదే మొదటి డెమో. అప్పటికే వేణువు మొదలైంది. దాని తర్వాత మోగేది డ్రమ్. ఇంట్లో పగలూ రాత్రీ విని అతనికి ఆ పాట కంఠతా వచ్చేసింది.

ఎలక్ట్రీషియన్ వేషంలో ఉన్న అతను స్టేజి ఎక్కి, బల్ల వెనక మోకాళ్ళ మీద కూలబడి స్పీకర్ ప్లగ్ పట్టుకున్నాడు. చెయ్యి ఆగిపోయింది. ‘అలా పీకకండి, స్పీకర్ టప్‌మంటుంది’ అని ఆమె ఎన్నిసార్లు కసిరిందో. ఆ ఒక్క టప్ చాలు.

“గొడుగు తెచ్చావా?” ఇయర్‌పీస్‌లో కోడ్ మాట. అడిగింది మైకు దగ్గర పట్టుచీరలో మెరిసిపోతున్న యాంకర్. ముఠాలో ఉంటూ చీఫ్‌కు రహస్యంగా పనిచేసే ఆమె కోడ్ పేరు కోయిల.

“చిరిగింది” అని జవాబు కోడ్ చెప్పాడు. “త్వరగా చెప్పు, ఎలా ఆపాలి?”

“కార్డు వెనక చిన్న చక్రం ఉంది. వాల్యూమ్. కుడికి తిప్పితే తగ్గుతుంది.”

తడిమి పట్టుకున్నాడు. రవ్వంత కుడికి తిప్పాడు.

వేణువు మోత పెరిగింది.

బల్ల కిందనుంచి చూస్తే, కోయిల హైహీల్స్ తలుపువైపు వెళ్ళిపోతున్నాయి.

“తలుపు దగ్గర కోయిలను పట్టుకోండి” అని చీఫ్‌తో అంటూనే చక్రాన్ని ఎడమకు చివరిదాకా తోసేశాడు. స్క్రీన్ మీద డ్రమ్ గీత నిలువునా లేచింది. హాల్లో చడీచప్పుడు లేదు.

ముందు వరసలోంచి ఎవరో అన్నారు: “ఏంటమ్మా, మూగదా ఇది?”

జనం నవ్వారు. అతని భార్య కళ్ళనిండా నీళ్ళతో కీలు నొక్కుతూనే ఉంది. అతను చక్రాన్ని వదల్లేదు. హాలు ఖాళీ చేయించి, బాంబు స్క్వాడ్ స్పీకర్ విప్పి తీగలు కత్తిరించేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఆమె విప్పిన స్పీకర్నీ, ఎలక్ట్రీషియన్ చొక్కాలో ఉన్న మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

“ఇన్నేళ్ళు కష్టపడి దానికి నోరు తెప్పించాను. మీరు ఒక్క వేలితో మూసేశారు కదండీ” అంది.