మూడో పిలుపు

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే తోవలో, కాలువ గట్టున పాడుబడ్డ లష్కర్ ఇల్లు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరు పిలిచినా ఎవరూ పలకరు.

"పాతకాలంల రాత్రిపూట ఒక్క పిలుపుకు ఎందుకు పలికెటోళ్లు కాదు మామా?" అని మొన్న నా మేనకోడలు వర్ష అడిగింది. దెయ్యమైతే ఒక్కసారే పిలుస్తుందట, మనిషైతే మూడుసార్లు పిలుస్తాడట. పాతకాలం దాకా ఎందుకు, ఇప్పుడు మనం మాత్రం పలుకుతున్నామా?

కాలువ తూములు చూసుకునే లష్కర్ చనిపోయాక ఆ ఇంట్లో అతని భార్య జమునాబాయి ఒక్కతే ఉండేది. ఒక రాత్రి ఆమెను పాము కరిచింది. గట్టుమీద పోతున్నవాళ్లను పిలిచింది... ఒక్కసారే పిలవగలిగింది. వాళ్లు రెండో పిలుపు కోసం ఆగి, అది రాకపోయేసరికి గబగబా వెళ్లిపోయారు. తెల్లారి చూస్తే గడప మీద శవమై ఉంది. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పోయిన యాసంగిలో ఏం జరిగిందో నగేశ్ చెప్పగా విన్నాను. బాన్సువాడలో మందుల దుకాణంలో పనిచేస్తాడు. తల్లి లేదు, తండ్రి సాయన్నే దిక్కు. ఆ రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన సాయన్న ఎంతకీ రాలేదు. ఫోను స్విచాఫ్.

సెల్లు లైటు పట్టుకుని నగేశ్ గట్టు వెంట బయల్దేరాడు. "బాపూ... బాపూ" అని అరుస్తూ వచ్చినవాడు, ఆ ఇల్లు దగ్గరపడగానే నోరు మూసుకున్నాడు.

"నగేశా..."

ఇంటి వెనక నుంచి. బాపు గొంతే. పలకబోయి పెదాలు బిగించాడు. బాపు గొంతుతో పిలవడం దెయ్యానికి ఒక లెక్కా?

కానీ... నిజంగా బాపే అయితే?

"నగేశా..."

ఈసారి గొంతు సన్నగా, అలిసిపోయినట్టు ఉంది. వెనక్కి పోలేడు, ముందుకూ పోలేడు. వాడికి ఏడుపొచ్చింది.

"నగేశా..."

"బాపూ" అంటూ పరుగెత్తాడు.

ఇంటి వెనక పిల్లకాలువలో, జారిపడ్డ బండ కింద సాయన్న కాలు ఇరుక్కుపోయి ఉంది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఎలాగో బండ దొర్లించి తండ్రిని ఒడ్డుకు లాగాడు. చల్లబడ్డ ఆ చేతులు రుద్దుతూ మెల్లగా అన్నాడు.

"మూడుసార్లు పిల్చినవ్ గాబట్టి వచ్చిన బాపూ. లేకుంటే ఎనక్కి పోతుంటి."

సాయన్న తల అడ్డంగా ఊపాడు.

"నేను ఒక్కసారే పిల్చిన బిడ్డా... లైటు జూసి నువ్వే అనుకున్న. నువ్వు పలుకలే. కొరివి దయ్యమేమోనని ఇగ నోరు మూసుకున్న."

"మరి..."

ఇద్దరూ ఇంటివైపు చూశారు. తలుపు లేని గడప మీద ఎవరూ లేరు.

ఒక్కసారి పిలిస్తే ఎవరూ రారని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

సాయన్నను దవాఖాన నుంచి ఇంటికి చేర్చిన రోజు, చీకటి పడ్డాక నగేశ్ ఒక్కడే వెళ్లి ఆ ఇంటి ముందు బండి ఆపాడు. లోపల నుంచి సన్నగా ఒక పిలుపు... ఒక్కటే.

రెండోదాని కోసం వాడు ఆగలేదు.

"ఆఁ అవ్వా... ఈడనే ఉన్న," అన్నాడు.