నిండుకున్న మడి

ఎండ పిట్టగోడ దాటేసరికి గాలిమడుల్లో ఊట మొదలైంది. పై అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా ప్రతి వసారాలోనూ మట్టిపెట్టెలు గుటకలు వేస్తున్న చప్పుడు. చెక్కా భావనారాయణ తన వసారాలో మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెకు చెవి ఆనించాడు. ఒక్క గుటక వినబడింది. తరవాత గొట్టం ఊరుకుంది.

గోడలోంచి మడికాపరి మర్యాదగా పలికింది. "ఈ ఇల్లు నిండుగా ఉంది. మిగిలిన వంతు అవసరమున్న ఇళ్ళకు పంపాం. మీ సహకారానికి కృతజ్ఞతలు."

"నిండుగానా! ఎండిపోతున్న పాదు నీ కంటికి ఆనడం లేదూ?"

దానికి కళ్ళు లేవని ఆయనకూ తెలుసు. కోపానికి ఆ సంగతి గుర్తుండదు.

"ఏటండీ షావుకారుగారూ, మళ్ళీ ఎగ్గొట్టిందా?" పక్క వసారా గోడ మీంచి సింహాద్రి తల పెట్టాడు. ఒకప్పుడు కాకినాడ రేవులో పడవ నడిపినవాడు. ఇప్పుడు ఆయన మడిలో తోటకూర మనిషెత్తు పెరిగింది. "మా మడి చూడండి. కూర కాదండి, అడివి."

"ఏం మంత్రం వేస్తావోయ్ దానికి?"

"దానికి నేనేటీ చెప్పనండి. మా ఆడదాని మీద అరుస్తానంతే. నీళ్ళు లేవే, కూర లేదే, నా బతుక్కి సుఖం లేదే అని. గోడలోది ఇంటాది, ఇస్తాది."

లోపల్నుంచి సింహాద్రి భార్య ఏదో తిట్టింది. ఆయన తల దించేశాడు. భావనారాయణకు నవ్వు రాలేదు.

సముద్రం ఊరి మీదికొచ్చి వీధులు తిన్నాక, మిగిలిన నేలంతా ఉప్పుదేరింది. తినే కూర ఏదైనా వసారాలో వేలాడే ఈ పెట్టెల్లో పండవలసిందే. మొదట్లో తడి కొలిచే సూదులు గుచ్చేవారు. ఉప్పుగాలికి అవి ఒక్క వేసంగి కూడా ఆగలేదు. అప్పుడు వచ్చింది మడికాపరి. గోడలో భద్రంగా మూసిపెట్టిన చెవి అది. ఇంట్లో మాటలు విని, ఎవరికెంత కరువో తేల్చి, పెట్టె అడుగున వేళ్ళకే నీళ్ళు వదులుతుంది. అందరూ దాని ముందు నిలబడి అబద్ధాలు ఏకరువు పెట్టడంతో, చేసినవాళ్ళు దానికొక తెలివి నేర్పారు. దాన్ని ఉద్దేశించి అన్నది అడుగుమాట, పక్కన పెట్టు. మనుషులు తమలో తాము ఆదమరచి అన్నది జారుమాట, దాన్ని నమ్ము. మాటే వినబడని ఇంటికి సగటు వంతు ఇవ్వు.

ఈ ఏర్పాటు విన్న రోజున భావనారాయణ తొడ చరిచి మెచ్చుకున్నాడు. పప్పుల దుకాణంలో ఆయన బతుకంతా నడిచింది ఈ కిటుకు మీదే. బేరమాడేవాడి గొంతు ఎప్పుడూ నమ్మలేదు. వాడు పక్కకు తిరిగి పెళ్ళాంతో గొణిగేదాని కోసం చెవి ఒగ్గేవాడు. సరుకు వాడికి ఎంత అవసరమో తేలేది అక్కడే. 'నా విద్య దీనికి ఎవరు చెప్పారో' అనుకున్నాడు.

ఆ విద్యే ఇప్పుడు చిక్కుడుపాదును ఎండగడుతోంది. ఎలాగో మాత్రం అంతుపట్టడం లేదు.

అది మామూలు పాదు కాదు. మడుల సంఘం పంచే విత్తులన్నీ గొడ్డువి. కూర కాస్తాయి గాని మళ్ళీ మొలిచే గింజ కట్టవు. ప్రతి కారుకూ చేయి చాచవలసిందే. ఉప్పెన దుకాణాన్ని ఊడ్చుకుపోయిన రోజున ఆయన భార్య మాణిక్యాంబ చేతికి దొరికింది ఒక్క డబ్బా. అందులో, బూడిదలో కలిపి దాచిన నాటు చిక్కుడు గింజలున్నాయి. ఆ రోజు నుంచి ఆవిడ మాట్లాడ్డం మానేసింది. తిండి పెడితే తినేది, లేపితే లేచేది. గింజలు ఒక్కొక్కటే నాటి చూశారు, అన్నీ కుళ్ళిపోయాయి. ఆఖరి గింజ మాత్రం మొలిచింది. ఆ పొద్దున ఆవిడ వేలితో మొలకను తాకి, "ఏవండీ, తలెత్తింది చూడండి" అంది. భావనారాయణ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కణ్ణుంచి ఇంట్లో మళ్ళీ మాట వినబడింది. పొయ్యి దగ్గర సణుగుడు, పాదు దగ్గర ముచ్చట్లు. "దీని గింజ చేత్తో పట్టుకునేదాకా ఇది నన్ను మంచం మీద పడుకోనివ్వదండీ" అనేది. అంతస్తులో ప్రతి ఇంటికీ తలా ఒక గింజ ఇస్తానని మాటిచ్చింది. మొదటిది సింహాద్రి భార్యకు.

పాదు పూతకొచ్చింది. అప్పటికే వంతు తగ్గుతూ వస్తోంది.

"అసలు నువ్వు విన్నదేమిటి? చెప్పు" అని ఆయన గోడను నిలదీశాడు. ఇంటివాళ్ళు అడిగితే తను విన్నది దాచకూడదన్నది దానికి పెట్టిన నియమం.

"ఈ ఇంటి జారుమాటలు" అని అది అప్పజెప్పింది. "ఉప్పు నిండుకుంది. నూనె నిండుకుంది. తాగేనీళ్ళ బిందె నిండుకుంది. చిక్కుడు పెట్టెలో నీళ్ళు నిండుకున్నాయండీ, పాపం. ఇందులో 'పాపం' అన్నమాటకు కొలత లేదు కాబట్టి వదిలేశాం."

ముడి ఎక్కడుందో భావనారాయణకు దొరికింది.

సరుకు అమ్ముకునే కొంపలో 'లేదు' అన్నమాట అనకూడదు. అంటే లక్ష్మి వింటుంది, గడప దాటుతుంది. డబ్బా ఖాళీ అయితే నిండుకుందనాలి. కాపురానికొచ్చిన కొత్తలో మాణిక్యాంబకు అత్తగారు నేర్పిన మొదటి పాఠం అది. దుకాణంలో ఆయన నోటా అదే మాట.

"ఓరి దిక్కుమాలినదానా! నిండుకోవడమంటే అయిపోవడమే!"

"అడుగుమాట. పక్కన పెట్టాం."

ఆయన బుర్ర అలవాటుకొద్దీ బేరం తూచింది. ఆవిడ మళ్ళీ మూగదైతే సగటు వంతు వస్తుంది, పాదు బతుకుతుంది. ఆ తక్కెడ వైపు ఆయన రెండోసారి చూడలేకపోయాడు. వేరే దారి పట్టాడు.

"మాణిక్యం, ఉప్పు అయిపోతే ఏమనాలి?"

"నిండుకుందనాలి. ఇదేం ప్రశ్నండీ?"

"లేదు అను. ఒక్కసారి."

"నిండు పూతతో ఉన్న పాదు ముందా? మీకేమైనా మతి పోయిందా?"

అప్పుడు చెప్పాడు. ఆవిడ పాదు దగ్గరికి వెళ్ళింది. పెట్టె అంచు గట్టిగా పట్టుకుని, బడిలో పద్యం ఒప్పజెప్పేదానిలా, "నీళ్ళు... లేవు" అంది.

"అడుగుమాట. పక్కన పెట్టాం."

"లేవు. నీళ్ళు లేవు. లేవు!"

"అడుగుమాట."

"కావాలని అంటే వినదు. ఏమరుపాటున నా నోట ఆ మాట రాదండీ" అంది మాణిక్యాంబ. ఇంకా ఏదో అనబోయి, గోడ వైపు చూసి, పెదవులు బిగించింది. ఆయన అడగని బేరం ఆవిడే ఒప్పుకుంది.

ఆ తరవాత ఇంట్లో చేసైగలే. కాని మడికాపరికి కొత్త మౌనం కంటే పాత మాటలే బరువు. వంతు నత్తలా పెరిగింది. ఈలోగా వడగాలి తిరిగింది. తాగేనీళ్ళలో తమ వంతు ఇద్దరూ పాదుకే పోశారు. సింహాద్రి గోడ మీంచి తన చెంబు అందించేవాడు. "తాగమని కాదండీ, పాదుకే పొయ్యండి. మీ ముఖాలు తరవాత తడుపుకోవచ్చు." చెంబెడు నీళ్ళు పైమట్టిలోనే ఆవిరైపోయేవి. ఆకులు ముడుచుకున్నాయి. కాయలు మాత్రం ఉబ్బినట్టే కనబడుతూ వేలాడాయి.

తీగ పూర్తిగా గోధుమరంగుకు తిరిగిన పొద్దున మాణిక్యాంబ కాయలన్నీ కోసి ఒళ్ళో వేసుకుంది. ఒక్కొక్కటే వొలిచింది. తాలు. మళ్ళీ తాలు. ఆఖరి కాయ చీల్చి, అరచేతిలో దులిపి చూసింది.

"లేదండీ" అంది. "ఒక్క గింజా లేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ నోట ఆ మాట తనంతట తాను జారడం ఆయన వినడం అదే మొదలు. గోడ కూడా విన్నది.

"అవసరం గుర్తించాం."

పెట్టె అడుగున ఊట భళ్ళున పొంగింది. ఎండిన మొదలు చుట్టూ మట్టి నల్లబడింది, అంచు పొర్లి నీళ్ళు వసారా అంతా పాకాయి. మాణిక్యాంబ కాళ్ళు తడుస్తున్నా కదల్లేదు.

"షావుకారుగారోయ్!" గోడ అవతల్నుంచి సింహాద్రి సంబరంగా కేకేశాడు. "మీ మడి ఊట మా ఇంట్లోకి ఇనపడతంది! కాసిందేటండీ? మా ఆడది మీ గింజకోసం అప్పుడే పెట్టెలో చోటు కూడా చేసింది. ఉన్నాయా గింజలు?"

భావనారాయణ భార్య అరచేతిలోని పొట్టు వైపు చూశాడు. దుకాణం నడిపినన్నాళ్ళూ గుమ్మంలోకొచ్చి అడిగినవాడికి ఆయన ఒక్కటే జవాబు చెప్పాడు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"నిండుకున్నాయి, సింహాద్రీ."

సింహాద్రికి అర్థమైంది. గోడ అవతల అడుగుల చప్పుడు మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. మాణిక్యాంబ గుప్పిట మూసింది.

పెట్టె అడుగున ఒక గుటక వినబడింది. గొట్టం ఊరుకుంది. మడికాపరి కృతజ్ఞతలు చెప్పింది.