అడ్డంగా పెట్టిన కారు

మా అపార్ట్‌మెంటులో కార్లెక్కువ, చోటు తక్కువ. అందుకని సెల్లారులో ఒకరి కారు వెనక ఒకరు అడ్డంగా పెట్టుకుంటాం. వెనక పెట్టేవాళ్ళు హ్యాండ్‌బ్రేకు వెయ్యకూడదు, న్యూట్రల్‌లో వదలాలి. ముందు కారువాళ్ళు దాన్ని పక్కకి తోసుకుని బయటికి పోతారు. అదీ ఒప్పందం.

పై అంతస్తు బాబాయిగారికి ఒప్పందాలు పట్టేవి కావు. సరిగ్గా మా కారు వెనకే పెట్టి, హ్యాండ్‌బ్రేకు బిగించి, పైకెళ్ళి కునుకు తీసేవారు. అడిగితే "మీరేమన్నా విమానం అందుకోవాలా అమ్మా?" అని నవ్వేవారు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. సెక్రటరీకి చెబితే సర్దుకుపొమ్మన్నాడు. అతనికంటే గోడ నయం.

పోయిన నెల బాబాయిగారు ఆ కార్లోనే, స్టీరింగు ముందు కూర్చునే పోయారు. గుండెపోటు. ఆయన్ని దించినప్పుడే ఎవరో హ్యాండ్‌బ్రేకు కూడా దించారు. కారుని గోడవారకి తోసి తాళం వేశాం. మర్నాటికి మళ్ళీ మా కారు వెనకే ఉంది. మళ్ళీ తోశాం. మళ్ళీ వచ్చింది. నేల వాలుగా ఉందన్నాడు సెక్రటరీ. ఇంటిపనీ ఆఫీసుపనీ అయ్యాక నాకు భయపడే ఓపిక కూడా మిగల్లేదు. "చచ్చినా వదలరేమిటి బాబూ!" అని విసుక్కుంటూ రోజూ తోసుకుని వెళ్ళేదాన్ని.

నిన్న సాయంత్రం పాపకి ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలరుకి లొంగలేదు. మావారు ఊళ్ళో లేరు. అంబులెన్సు ట్రాఫిక్కులో ఇరుక్కుందన్నారు. పాపని భుజాన వేసుకుని సెల్లారులోకి దిగాను. కరెంటు లేదు. తడి సిమెంటు వాసన, పాత టైర్ల వాసన. ఎక్కడో పైపులోంచి నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్...

నేను ఆఫీసు నుంచి వచ్చినప్పుడు గోడవారనే ఉన్న బాబాయిగారి కారు, మళ్ళీ మా కారు వెనకే ఉంది. పాపని మా వెనక సీట్లో పడుకోబెట్టి, వచ్చి దాన్ని తోశాను. కదల్లేదు. ఫోను వెలుతుర్లో అద్దంలోంచి చూశాను. హ్యాండ్‌బ్రేకు... పైకి లాగి ఉంది.

తాళంచెవి పిన్నిగారి దగ్గరుంది. పైకి వెళ్ళొచ్చే వ్యవధి లేదు. పాప ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. బతికున్నప్పుడు ఎలా అడిగేదాన్నో అలాగే అడిగాను.

"బాబాయిగారూ... పాపకి ఊపిరాడట్లేదు. మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి దిగి తియ్యండి..."

నీళ్ళ చప్పుడు ఆగింది.

క్లిక్.

ఆ కారు తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు... తలుపు మెల్లగా మూసుకుంది. కారు తనంతట తాను గోడవైపుకి జరిగిపోయింది.

ఎలా బయటపడ్డానో తెలీదు. రోడ్డెక్కి, దుకాణాల దీపాలు దాటుతూ వేగం పెంచాను. ఇంకొక్క మలుపు తిరిగితే ఆసుపత్రి.

"అమ్మా..."

"వచ్చేశాం తల్లీ."

"తాతగారిని కాస్త జరగమనవా... మీద పడుతున్నారు."

అద్దంలోకి చూడలేకపోయాను.

"బాబాయిగారూ..." అన్నాను. "కాస్త జరగండి."

వెనక సీటు కిర్రుమంది. పాప గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

నా సీటు వెనక నుంచి, వీపుకి రెండు మోకాళ్ళు ఆనాయి.