చూసింది మాత్రమే రాయాలి

వంటింట్లోంచి పొగ హాల్లోకి కమ్ముకొచ్చేసరికి కూతురు ఒక కాలికి చెప్పు వేసుకుని ఉంది. రెండోది వదిలేసి పరుగెత్తింది.

పొయ్యి ఆపేసి ఉంది. సింకులో మాడిన గిన్నె బుసలు కొడుతోంది. దాని ముందు తండ్రి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద బనియను, మెడలో తువ్వాలు, ఎడమ చెంప మీద ఆరిపోతున్న సబ్బు నురగ. కిటికీ దగ్గర కుర్చీలో తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరు పెట్టారిది?"

"నేనేనమ్మా. పాలు పెట్టి మర్చిపోయాను."

"ఈ నెలలో మూడోసారి నాన్నా! కొంప అంటుకుంటే?"

"అంటుకోలేదుగా! గోడలకి రంగు వేయించాలన్నావు. నల్లరంగు నేను వేసేశా."

"నీ జోకులు తర్వాత. పదింటికి డాక్టరమ్మ దగ్గరుండాలి. అమ్మా, నువ్వూ లే. ఈ పొగలో నిన్నొక్కదాన్నీ వదిలి వెళ్ళలేను."

తండ్రి నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. వీధంతా మాస్టారనే పిలుస్తుంది. ఏడాదిగా ఆయన పద్ధతే మారిపోయింది. కుళాయి విప్పి వదిలేస్తే హాలంతా చెరువైంది. తాళాల గుత్తి చక్కెర డబ్బాలో దొరికింది. అడిగిన ప్రతిసారీ ఆయన తల దించుకుని ఒప్పుకున్నాడు. పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం వదిలి కూతురికి ఇంట్లో కూర్చునే వీల్లేదు. అందుకే ఊరి చివర వృద్ధుల సంరక్షణ కేంద్రంలో గది మాట్లాడింది. డాక్టరు సంతకం పడితే సోమవారం ఆయన అక్కడికి వెళ్ళిపోతాడు.

ఆసుపత్రిలో నర్సు మాస్టారిని పరీక్షకు తీసుకెళ్ళి, కూతురి చేతిలో నాలుగు కాగితాలు పెట్టింది. దగ్గరుండి చూసుకునేవాళ్ళు నింపాల్సిన ప్రశ్నలవి. కొన్నేళ్ళ కిందటితో పోలిస్తే వస్తువులు ఎక్కడ పెట్టారో మర్చిపోతున్నారా? తేదీ, నెల తప్పుతున్నారా? ఇంట్లో పరికరాలు వాడటంలో ఇబ్బంది ఉందా? ప్రతిదానికీ అవును, కాదు, తెలియదు.

అవును. అవును. అవును. పొద్దుటి కోపమంతా పెన్నులోకి దిగింది. చివర్లో ఖాళీ కనిపిస్తే అక్కడా రాసింది: 'ఈ రోజు గడ్డం సగమే గీసుకుని వచ్చేశారు.'

"ఏం రాస్తున్నావే?" పక్కనే బెంచీ మీదున్న తల్లి అడిగింది.

"నాన్న మతిమరుపు సంగతి."

తల్లి చీర కొంగు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

అరగంటకి కూతురిని లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఎదురుగా మాస్టారు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కూతురు నింపిన కాగితాలూ, ఆయన పరీక్ష కాగితమూ పక్కపక్కనే ఉన్నాయి.

"మీరు రాసింది చదివితే ఈయన్ని ఒంటరిగా వదలకూడదు. పరీక్ష చూస్తే ఒక్క తప్పూ లేదు. చెప్పిన మాటలన్నీ వరసగా తిరిగి చెప్పారు. నర్సు కోటుకి ఎంత గుడ్డ పడుతుందో కూడా చెప్పారట. ఈ రెండూ ఒకే మనిషివంటే నమ్మలేకపోతున్నాను."

"అంటే నేను అబద్ధం రాశానా? కన్నతండ్రిని వదిలించుకోవాలని చూస్తున్నానా?"

"ఆ మాట నేననలేదు. ఒక్కటి చెప్పండి. కుళాయి ఆయన వదలడం మీరు చూశారా?"

"లేదు. ఆయనే ఒప్పుకున్నారు."

"తాళాలు?"

"అదీ... ఆయనే చెప్పారు."

"ఇక్కడ చూసింది మాత్రమే రాయాలమ్మా. ఒప్పుకున్నది కాదు. మొత్తం మీద మీరు కళ్ళారా చూసింది ఈ సగం గడ్డం ఒక్కటే." డాక్టరమ్మ మాస్టారి వైపు తిరిగింది. "రెండో చెంప ఎందుకు వదిలేశారు?"

ఆయన చెంప తడుముకుని నవ్వాడు. "ఏముంది డాక్టరమ్మా, మాడు వాసన వచ్చింది, పరుగెత్తాను..."

నవ్వు అక్కడే ఆగిపోయింది.

కూతురు కుర్చీలోంచి లేచింది. "నువ్వు బాత్రూంలో ఉన్నావు. మరి పొయ్యి దగ్గర ఎవరున్నారు?"

"నేనే పెట్టి వెళ్ళాను."

"పాలన్నావు. నాన్నా, పాల ప్యాకెట్టు మనం బయల్దేరేటప్పుడు కూడా గుమ్మం బయటే ఉంది. ఆ గిన్నెలో ఏముందో నీకు తెలియదు. అవునా?"

మాస్టారు నేల వైపు చూశాడు.

"ఏడాది నుంచీ నాకు అబద్ధాలు చెప్తున్నావా?"

"మెల్లిగా మాట్లాడు. బయట వినిపిస్తుంది." ఆయన తలుపు వైపు చూశాడు. "నన్ను ఎక్కడ పడేసినా బతికేస్తానే. మీ అమ్మకి మన ఇంట్లోనే ఒక్కోసారి గది తెలియడం లేదు. కొత్త చోట ఏమైపోతుంది?"

"మరి సోమవారం నువ్వు వెళ్ళిపోతే? నేను కౌంటర్లో కూర్చుంటే? ఆ పొయ్యి దగ్గర ఆవిడ ఒక్కతీ ఉంటుంది కదా నాన్నా!"

ఇన్నాళ్ళూ ఆ ఒక్క సంగతీ మాస్టారికి తట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మీరు దాచినన్నాళ్ళూ ఆవిడకి వైద్యం అందలేదు మాస్టారూ," అంది డాక్టరమ్మ మెత్తగా. "కారణం తెలిస్తే కదా ఏం చేయగలమో తెలిసేది?"

తలుపు కిర్రుమంది. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరికీ తెలియదు.

"నువ్వు కూర్చోవే అక్కడ. అయిపోయింది, వచ్చేస్తున్నాం," అన్నాడు మాస్టారు కంగారుగా లేస్తూ.

"మీరు ఊరుకోండి." తల్లి నడిచి వచ్చి, కూతురు నింపిన కాగితాలు బల్ల మీద నుంచి తీసుకుంది. వేలితో ఒక్కో టిక్కూ తడిమింది.

"ఇవన్నీ ఆయన మీద రాశావా?"

"అమ్మా..."

"నాకు చాలా పోతున్నాయే. పొద్దున్న ఏం తిన్నానో అడిగితే చెప్పలేను. కానీ నువ్వు ఆయన్ని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నానే, అది మాత్రం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. భయమేసింది. నన్ను పంపించేస్తావేమోనని."

కూతురు ఏడుస్తూ తల్లి చేయి పట్టుకుంది. "పంపను. నాన్ననీ పంపను. ఇద్దరూ నాతోనే ఉంటారు."

తల్లి తల ఊపింది. కాగితాలు డాక్టరమ్మ ముందు పెట్టి, భర్త వైపు చూడకుండా, బయట బెంచీ దాకా వినిపించేలా చెప్పింది.

"ఇంకో కాగితం ఇవ్వండమ్మా. ఆయనకేం లేదు. పొయ్యి వెలిగించింది నేను. కుళాయి విప్పింది నేను. మర్చిపోతున్నది నేను."