చింతపండు మూటల మధ్య పెళ్లికొడుకు

రెండువేల తొమ్మిది ఏప్రిల్. హిందూపురం ఎండకు కుక్కలు సైతం నీడ వెతుక్కుంటుంటే, చింతపండు కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు యువరాజ్ మాత్రం లోపల మూట మీద బనియన్‌తో కూర్చుని గడగడా వణుకుతున్నాడు.

ఇదంతా సైన్సు. పెద్దవాళ్ల ఒంట్లోనూ గోధుమరంగు కొవ్వు ఉంటుందని, చలి తగిలితే అది మండి ఒళ్లు తగ్గిస్తుందని బజ్జీలు కట్టిన పేపర్లో చదివాడు. కింది సగం నూనెకు కనబడలేదు.

ధర్మవరంలో ఉన్న వాళ్లమ్మ రత్నమ్మ పెళ్లివారికి అతని కాలేజీనాటి ఫొటో పంపింది. అందులో అతనికి మెడ ఉంది. వచ్చే ఆదివారమే పెళ్లిచూపులు. వాళ్లు పంపిన ఫొటోలో పెళ్లికూతురి నవ్వు చూసినప్పటినుంచి అతనికి నిద్ర లేదు. తనను చూసి ఆమె వద్దంటుందేమోనని నిజంగానే భయం. ఆకలికి మాత్రం లోటు లేదు.

తలుపు తెరుచుకుంది. మూటలు దింపించడానికి వచ్చిన ఒక బొద్దైన అమ్మాయి, స్వెటర్‌తో లోపలికి వచ్చి అతన్ని చూసి ఆగిపోయింది.

"ఏమప్పా, చచ్చిపోదామనా ఈడ కూచోనుండావు?"

యువరాజ్ పళ్లు టకటకలాడిస్తూ తన సైన్సు మొత్తం వినిపించాడు. ఆమె జువాలజీ లెక్చరరు. పాపం, అది అతనికి తెలియదు.

"చలి తగిలితే మెదడు నరాలతో ఆ కొవ్వుకు కబురు పంపిస్తాది. థైరాయిడ్ హార్మోన్ తోడుంటేనే అది బాగా మండేది. మన మాదిరి లావు మనుషులకు ఆ కొవ్వే తక్కువ, ఉండేది కూడా బద్ధకిస్తాది. ఇప్పుడు వణుకుతాండేది నీ కండలప్పా. సరే, బయటికి పోయి ఏం తింటాండావు?"

బొరుగుల ఉగ్గాని, బజ్జీ అని ఒప్పుకున్నాడు. చలికి ఆకలి కూడా పెరుగుతుందని ఆమె చెప్పింది. ఇన్ని రోజుల తపస్సు బజ్జీల పాలైందని అతనికి అప్పుడు తెలిసింది.

ఎవరి కోసం ఈ కష్టమని అడిగింది.

"పెనుకొండ లింగప్ప గారమ్మాయి ధనలక్ష్మి, మేడం. ఫొటోలో సన్నగా ఉండాది. నన్ను చూస్తే వద్దంటాదేమో."

ఆమె పక్క మూట మీద రాసిన పేరు వేలితో చూపించింది.

"ఈ మూటలు లింగప్పవే. ఆ ఫొటో నాకు థైరాయిడ్ రాకముందుది. ధనలక్ష్మి అంటే నేనే. నువ్వు వద్దంటావేమోనని నాకూ భయంగానే ఉండె."

యువరాజ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఫొటోలోని నవ్వు అక్కడే ఉంది, ఒక్క గ్రాము తగ్గకుండా. ఆ మాటే ఆమెతో అన్నాడు.

ధనలక్ష్మి స్వెటర్ విప్పి అతనికిచ్చింది. అది మోచేతుల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"ఆదివారం చొక్కా ఏసుకోని రా" అంది.

ఆదివారం ఇరువైపుల పెద్దలూ తమ పిల్లల లావుకు తలా ఒక సాకు సిద్ధం చేసుకుని పెనుకొండలో కూర్చున్నారు. అడిగినవాళ్లు లేరు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకే ప్లేటులో బజ్జీలు తింటున్నారు.